పిల్లాడి కడుపులో దెబ్బకు పెద్దవాళ్ల ట్రామా దవాఖానలో "రాత్రికే ఆపరేషన్" అన్నారు, ఒప్పుకోకుండా హైదరాబాద్ తీసుకుపోయాను. తప్పు చేశానా?

దేవరకొండ_రైతుబిడ్డ:

నమస్తే అందరికీ. మాది దేవరకొండ దగ్గర ఊరు. కొంచెం పొడుగ్గా ఉంటుంది, జర ఓపికతో చదవండి.

మూడు వారాల కింద మా చిన్నోడు (ఎనిమిదేళ్లు) వాకిట్లో సైకిల్ తొక్కుతూ కంకర మీద జారి పడ్డాడు. చూడ్డానికి పెద్ద పడటమేమీ కాదు, మోచేయి గీసుకుపోయింది, అంతే. కాకపోతే పడేటప్పుడు హ్యాండిల్ తిరిగి దాని కొస కడుపుకు ఎడమవైపు, పక్కటెముకల కింద పొడుచుకుంది. రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. కాసేపు ఏడ్చాడు, మా అమ్మ పసుపు రాసింది, పెరుగన్నం కూడా తిన్నాడు. రెండు గంటలయ్యాక మొహం పాలిపోయి, ఎడమ భుజం నొస్తుంది నాన్నా అని మొదలుపెట్టాడు. భుజానికి దెబ్బే తగల్లేదు కదా అని మేము భుజం రుద్దుతూ కూర్చున్నాం. తర్వాత వాంతి అయింది, అప్పుడు భయమేసి కారు మాట్లాడుకుని టౌన్‌కి పోయాం.

టౌన్‌లో ఒక ప్రైవేటు దవాఖాన, పేరు వద్దులెండి, బోర్డు మీద ట్రామా సెంటర్ అని ఉంటుంది. యాక్సిడెంట్ కేసులన్నీ అక్కడికే పోతాయి. స్కానింగ్ తీశారు. స్ప్లీన్ (ప్లీహం) చీలింది, చీలిక తీవ్రత గ్రేడ్ 3, కడుపులో రక్తం చేరింది, రాత్రికే కడుపు తెరిచి స్ప్లీన్ తీసేయాలి, సంతకం పెట్టండి అన్నారు. తీసేస్తే ఏమవుతుందంటే "ఏం కాదు, స్ప్లీన్ లేకున్నా మనిషి బతుకుతాడు" అన్నారు. అప్పటికి వాడు మెలకువగానే ఉన్నాడు, మంచినీళ్లు అడుగుతున్నాడు. బీపీ మంచిగుందని సిస్టర్ చెప్పింది.

మా బామ్మర్ది హైదరాబాద్‌లో ఉంటాడు, వాళ్లకు తెలిసిన పిల్లల సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడించాడు. ఆయన రిపోర్టు వాట్సాప్‌లో చూసి, ఇక్కడి డాక్టర్‌తో కూడా మాట్లాడి, నిలకడగా ఉంటే కోయొద్దు, రెండు సెలైన్ లైన్లు పెట్టి అంబులెన్స్‌లో పంపించండి అన్నాడు. ఇక్కడి డాక్టర్‌కి కోపమొచ్చింది. దారిలో ఏమన్నా అయితే నాకు సంబంధం లేదు అని రాయించుకుని సంతకం తీసుకున్నాడు. రాత్రి రెండింటికి హైదరాబాద్ చేరాం. అక్కడ పిల్లల ఐసీయూలో పెట్టారు, ఆపరేషన్ లేదు, రక్తం కూడా ఎక్కించలేదు, అయిదో రోజు ఇంటికి పంపారు.

ఇప్పుడు మా మామ రోజూ అంటున్నాడు, రక్తం కారే పిల్లాడిని పట్టుకుని మూడు గంటలు రోడ్డు మీద తిప్పావు, నీది తండ్రి మనసేనా అని. నిజం చెప్తున్నా, ఆ మూడు గంటలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. నేను చేసింది తప్పా? అసలు పిల్లలకు దెబ్బ తగిలితే పెద్దవాళ్లను చూసే ట్రామా దవాఖానకు పోవాలా, నేరుగా పిల్లల దవాఖానకు పోవాలా?

నీలగిరి_87:

అన్నా టెన్షన్ పడకు. ప్రైవేటోళ్లు బిల్లు కోసం కోసేస్తారు, అందరికీ తెలిసిందే. నువ్వు చేసింది నూటికి నూరు శాతం కరెక్ట్. ఎవరైనా సరే నేరుగా హైదరాబాద్ పోవాల్సిందే.

పాలమూరు_సర్జన్:

పై కామెంట్ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. మహబూబ్‌నగర్ వైపు జనరల్ సర్జన్‌ని. పెద్దవాళ్ల కేసులే ఎక్కువ, పిల్లలు నెలకు ఇద్దరో ముగ్గురో వస్తారు. అంటే మీరు చెప్పిన ఆ డాక్టర్ లాంటివాడినే నేను.

ముందు మీ బాబు సంగతి. పిల్లల్లో స్ప్లీన్ చీలినా, పల్సూ బీపీ నిలకడగా ఉన్నంతవరకు కత్తి పెట్టకుండా కనిపెట్టుకుని ఉండటమే పద్ధతి. అలా చూసిన వాళ్లలో పదిమందిలో తొమ్మిదికి పైగా పిల్లలకు ఆపరేషన్ అవసరమే పడదు, దానంతటదే మానిపోతుంది. ఇదేమీ నిన్న మొన్నటి ముచ్చట కాదు, కెనడాలో టొరంటో పిల్లల ఆసుపత్రి వాళ్లు 1960ల్లోనే మొదలుపెట్టారు. పెద్దవాళ్ల సర్జన్లకు అది ఎక్కడానికి చాలా కాలం పట్టింది. మా చదువు రోజుల్లో కడుపులో రక్తం కనిపిస్తే తెరువు అన్నదే మంత్రం. అమెరికాలో ఒకే రకం దెబ్బ, ఒకే గ్రేడ్ ఉన్న పిల్లలను పోల్చి చూశారు, పెద్దల ట్రామా సెంటర్లకు వెళ్లిన పిల్లలు స్ప్లీన్ పోగొట్టుకోవడం పిల్లల సెంటర్ల కంటే ఎక్కువని ఒకటికి రెండుసార్లు తేలింది. అంత సౌకర్యం ఉన్న దేశంలోనే. కాబట్టి దీనికి బిల్లు ఒక్కటే కారణమనుకోకండి, అలవాటు పెద్ద కారణం. నేను కూడా మొదట్లో ఇద్దరు పిల్లలకు స్ప్లీన్ తీసేశాను. అందులో ఒకరికైతే ఈరోజు నేను తీయను. అది నాకు గుర్తొస్తూ ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు కూడా వినండి. "ఆపరేషన్ చేయకుండా చూడటం" అంటే మంచం మీద పడుకోబెట్టి పొద్దున రౌండ్స్‌లో చూడటం కాదు. గంటగంటకూ పల్స్ చూసే మనిషి కావాలి, పిల్లాడి గ్రూపు రక్తం చేతిలో ఉండాలి, తేడా వస్తే అర్ధరాత్రి అయినా అరగంటలో థియేటర్ తెరవాలి, ఇరవై కిలోల పిల్లాడికి మత్తు ఇచ్చే అలవాటున్న అనస్తీషియా డాక్టర్ రావాలి. మా దగ్గర రాత్రిపూట ముప్ఫై మంచాలకు ఒక డ్యూటీ డాక్టర్, ఇద్దరు సిస్టర్లు. అలాంటి చోట కనిపెట్టుకుని ఉంటాం అనడం నిజానికి గాలికి వదిలేయడమే. అందుకే భయంతో "ఇప్పుడే తీసేద్దాం, కనీసం బతుకుతాడు" అనుకుంటాం. ఆ భయంలో న్యాయం ఉంది. ఆ డాక్టర్ చేయాల్సింది ఏమిటంటే ఆ భయాన్నే మీకు విప్పి చెప్పడం: పిల్లాడు ప్రస్తుతం నిలకడగా ఉన్నాడు, రాత్రంతా చూసుకునే ఏర్పాటు నా దగ్గర లేదు, ఉన్నచోటికి పంపిస్తాను అని. చెప్పకుండా కోపం తెచ్చుకోవడం తప్పు. స్ప్లీన్ లేకున్నా ఏం కాదు అనడం అంతకంటే పెద్ద తప్పు.

భుజం నొప్పి గురించి అడగలేదు కానీ చెప్తాను, అందరికీ పనికొస్తుంది. కడుపులో కారిన రక్తం పైన ఊపిరితిత్తులకూ కడుపుకూ మధ్య ఉండే పొరను తాకితే, ఆ పొర నరమూ భుజం నరమూ మెడలో ఒకే చోట నుంచి వస్తాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. కడుపుకు ఎడమవైపు దెబ్బ తగిలి ఎడమ భుజం నొస్తుందని పిల్లాడు అంటే ఇక పసుపులు, మసాజులు ఆపి బయల్దేరాల్సిందే. సైకిల్ హ్యాండిల్ దెబ్బ ఇంకో రకంగా కూడా మోసం చేస్తుంది. నడి కడుపులో పొడుచుకుంటే పాంక్రియాస్ (క్లోమం), పేగు మొదలు వెన్నెముకకేసి నలుగుతాయి, మొదటి రోజు పిల్లాడు బాగానే ఆడుకుంటాడు, మర్నాడో ఎల్లుండో వాంతులు మొదలవుతాయి.

ఇక "బీపీ మంచిగుంది" అన్న మాట. మీ వాడి బరువెంత? వచ్చినప్పుడు పల్స్ ఎంత రాశారు? కాగితం చూసి చెప్పండి. ఆ అంకెల మీదే మీరు చేసింది ఒప్పా తప్పా ఆధారపడి ఉంది.

దేవరకొండ_రైతుబిడ్డ:

సార్, చాలా థాంక్స్. కాగితాలు వెతికాను. బరువు 21 కిలోలు. వచ్చినప్పుడు పల్స్ 134, బీపీ 98 బై 60. సెలైన్ 400 అని రాసి ఉంది, తర్వాత పల్స్ 108. బయల్దేరేటప్పుడు 104. రక్తం 10.4 అని ఉంది.

పాలమూరు_సర్జన్:

ఇప్పుడు మీ మామగారికి మీరే లెక్క చెప్పండి. పిల్లలకు కిలోకి సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 21 కిలోలకు 1,700కి కాస్త అటూ ఇటూ. రెండు లీటర్ల వాటర్ బాటిల్ కూడా నిండదు. అందులో అర లీటరు కడుపులోకి పోతే ముప్ఫై శాతం పోయినట్టే, అదే అర లీటరు పెద్దవాడికి రక్తదానం చేసిన దానికి కాస్త ఎక్కువ, అంతే. చిక్కు ఎక్కడంటే పిల్లల రక్తనాళాలు గట్టిగా బిగుసుకుని బీపీని పడనివ్వవు. దాదాపు ఆ ముప్ఫై శాతం పోయేదాకా బీపీ మామూలుగానే కనిపించి, తర్వాత ఒక్కసారిగా కూలిపోతుంది. పెద్దవాళ్లను చూసి చూసి అలవాటైన కన్ను బీపీ చూసి ధైర్యపడుతుంది, అక్కడే పిల్లలు పోతారు. వాళ్లలో ముందు మాట్లాడేది పల్స్, చల్లబడిన చేతులు కాళ్లు, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లు దాటినా ఎరుపు రాకపోవడం, మగతగా ఉండటం.

మీ వాడికి కిలోకి 20 లెక్కన సెలైన్ ఇచ్చారు, పల్స్ దిగింది, దిగి అక్కడే నిలబడింది. అంటే రక్తం కారడం ఆగిందనో బాగా తగ్గిందనో అర్థం. అలాంటి పిల్లాడిని రెండు లైన్లతో, తోడు మనిషితో, అవతల దవాఖానకు ముందే చెప్పి పంపడం సరైన పనే. అదే సెలైన్ ఇచ్చాక కూడా పల్స్ 130 మీదే ఉండి ఉంటే, లేదా దిగి మళ్లీ ఎక్కి ఉంటే, నేను మీకు ఇలా రాసేవాడిని కాదు. అప్పుడు ఆ టౌన్ సర్జన్ చెప్పిందే వినాలి. కడుపులో రక్తం ఆగని పిల్లాడిని హైవే ఎక్కించకూడదు, దగ్గర్లో కత్తి పట్టగలిగిన సర్జన్ ఎవరుంటే వాళ్లే దేవుడు, పిల్లల సర్జనా పెద్దల సర్జనా అని చూడొద్దు.

కాబట్టి నీలగిరి తమ్ముడూ, "ఎవరైనా నేరుగా హైదరాబాద్" అనే మాట వెనక్కి తీసుకో. ఆ మాట నమ్మి చౌటుప్పల్ దాటకముందే పోయిన పిల్లలు ఉన్నారు.

నీలగిరి_87:

సారీ సార్. తీసుకున్నా.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

డాక్టర్ గారు పెద్ద విషయాలు చెప్పారు, నేను క్యాజువాలిటీలో మా చేతికి తగిలే చిన్నవి చెప్తాను, కానీ పిల్లలు ఆగమయ్యేది ఇక్కడే. మాది పెద్దవాళ్ల యాక్సిడెంట్ కేసులు వచ్చే చోటు, పదకొండేళ్ల సర్వీసు.

పిల్లాడు రాగానే మాకు మొదటి సమస్య బరువు. మందు, సెలైన్, రక్తం, గొట్టం సైజు అన్నీ దాని మీదే. దెబ్బ తగిలిన పిల్లాడిని తూకం మీద నిలబెట్టలేం. అమ్మానాన్నలను అడిగితే సగం మందికి తెలియదు, ఏడాది కింద అంగన్‌వాడీలో తూచినది చెప్తారు. బయట దేశాల్లో పొడవు కొలిచి బరువు చెప్పే రంగుల టేపు ఉంటుంది, దాని మీదే మందుల డోసులూ ఉంటాయి. మా దగ్గర ఒకటి ఉండేది, ఎవరో ఇంటికి పట్టుకుపోయారనుకుంటా. ఇప్పుడు నేను గోడ మీద స్కెచ్ పెన్‌తో రాసిపెట్టుకున్నా: వయసుకు నాలుగు కలిపి రెండుతో గుణిస్తే సుమారు కిలోలు. మన పిల్లలు దానికంటే ఒకటి రెండు కిలోలు తక్కువే ఉంటారు, అది మనసులో పెట్టుకోవాలి. ఈ బాబుకే చూడండి, లెక్క ప్రకారం 24 రావాలి, ఉన్నది 21.

రెండోది చలి. ఏసీ ఫుల్లుగా పెట్టి, బట్టలన్నీ కత్తిరించి, చల్లటి సెలైన్ ఎక్కిస్తాం. పెద్దవాళ్లు తట్టుకుంటారు. చిన్నపిల్లల ఒళ్లు బరువుకు తగ్గట్టు చూస్తే చర్మం ఎక్కువ, వేడి ఊరికే పోతుంది, ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదు. ఒక దుప్పటి కప్పడానికి ఏ పెద్ద చదువూ అక్కర్లేదు. నేనైతే ముందు అమ్మ చున్నీ అయినా తీసుకుని కప్పేస్తా.

ఇంకొకటి ఎవరూ నమ్మరు. పిల్లాడు గుక్కపెట్టి ఏడిస్తే గాలి మింగి మింగి కడుపు బెలూన్‌లా ఉబ్బుతుంది. చేయి పెడితే గట్టిగా తగులుతుంది. కొత్త డాక్టర్ అయితే కడుపంతా రక్తమేనని కంగారు పడతాడు. ముక్కు పైపు వేసి గాలి తీసేస్తే మెత్తబడిపోతుంది. మరి అమ్మను బయటికి నెట్టేసి, పిల్లాడిని నలుగురు పట్టుకుని, ఏడిపించి, ఆ తర్వాత పల్స్ 150 ఉందని రాస్తే ఆ పల్స్ ఏడుపుదా రక్తానిదా ఎవరికి తెలుసు? మా దగ్గర అమ్మను తల దగ్గర నిలబెట్టనిస్తాను, సెక్యూరిటీ వాళ్లతో రోజూ లొల్లే.

తల్లిదండ్రులకు నాది ఒకటే విన్నపం, పిల్లల బరువు తెలుసుకుని ఫోన్‌లో రాసిపెట్టుకోండి. బ్లడ్ గ్రూపు మేము ఎలాగూ చూస్తాం, బరువు మాత్రం మీరే చెప్పాలి.

జడ్చర్ల_అమ్మ:

ఈ చర్చ చదువుతుంటే చేతులు వణికాయి. మా పాపకు అయిదేళ్లప్పుడు 44వ నంబర్ హైవే మీద బండి యాక్సిడెంట్ అయింది, మా ఆయన ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకున్నాడు. (తిట్టకండి, మేము తిట్టుకున్నది చాలు.) దగ్గర్లో ఉన్న దవాఖానకు తీసుకుపోయారు, పెద్దవాళ్ల సర్జన్ ఆ రాత్రే ఆపరేషన్ చేసి స్ప్లీన్ తీశాడు. పాపకు అప్పటికి స్పృహ సరిగా లేదు, బీపీ దొరకట్లేదన్నారు. ఆయన లేకపోతే మా పాప లేదు, అది మటుకు నేను ఎక్కడైనా చెప్తాను.

కానీ డిశ్చార్జ్ అప్పుడు మాకు ఇచ్చింది ఒక యాంటీబయాటిక్, ఒక ఐరన్ టానిక్, పది రోజులకు కుట్లు తీయించుకోమని ఒక చీటీ. స్ప్లీన్ తీసిన పిల్లలకు ప్రత్యేకంగా టీకాలు వేయాలని ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలల తర్వాత దగ్గు జలుబుకి పిల్లల డాక్టర్ దగ్గరికి పోతే, పొట్ట మీద పొడుగు కుట్టు చూసి ఇదేంటమ్మా అని అడిగి, టీకాలు వేశారా అన్నారు. ఏ టీకాలు అన్నాను నేను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, కొన్ని రకాల క్రిములను రక్తంలోంచి వడకట్టేది స్ప్లీనేనట, అది లేని పిల్లలకు మామూలు జ్వరంలా మొదలై ఒక్క రోజులో ప్రాణం మీదకు రావచ్చట. న్యూమోకోకల్, మెనింజోకోకల్, హిబ్ అని మూడు రకాలు వేశారు, మొదటిది వేసి విడతలుగా పిలిచారు. రోజూ వేసుకునే పెన్సిలిన్ మాత్ర కూడా రాశారు. జ్వరం 101 దాటితే డోలో వేసి చూద్దాం అనుకోవద్దు, ఏ టైమ్ అయినా దవాఖానకు రావాలి, రాగానే స్ప్లీన్ లేదు అని ముందు ఆ మాటే చెప్పాలి అన్నారు. పాప స్కూల్ ఐడీ కార్డు వెనక స్కెచ్‌తో రాసిపెట్టాను. ఇప్పుడు ఏడో తరగతి.

ఎనిమిది నెలలు మా పాప ఏ రక్షణా లేకుండా తిరిగింది. ఆపరేషన్ చేసినాయనకు చేయి మంచిది, కానీ ఆపరేషన్ తర్వాత ఆమె పిల్ల అన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

పాలమూరు_సర్జన్:

అమ్మా, ఆ చివరి మాట మా అందరికీ తగలాల్సిందే. అర్జెంటుగా తీసిన వాళ్లకు సాధారణంగా రెండు వారాలు ఆగి టీకాలు మొదలుపెడతాం, అప్పటికి ఒళ్లు కోలుకుని టీకా బాగా పడుతుంది. ఆ రెండు వారాల్లోనే వాళ్లు ఊరికి వెళ్లిపోతారు, కుట్లు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తీయించుకుంటారు, ఇక మా దగ్గరికి రారు. అందుకని నేను ఈమధ్య తిరిగి రారు అనిపిస్తే డిశ్చార్జ్ రోజే మొదటి డోసులు వేయించి పంపుతున్నాను. మీ పాప విషయంలో ఆపరేషన్ నిర్ణయం మాత్రం నూటికి నూరు పాళ్లూ సరైనది, బీపీ దొరకని పిల్లకు వేరే దారి లేదు.

108_పైలట్_తోటివాడు:

నేను 108 అంబులెన్స్‌లో ఈఎంటీని (దారిలో పేషెంట్‌ను చూసుకునేవాడిని), 65వ నంబర్ హైవే మీద నార్కట్‌పల్లి, నకిరేకల్ సైడ్ చేశాను, ఇప్పుడు వేరే చోట. అడిగిన ప్రశ్న ఎక్కడికి పోవాలి అని కదా, మా వైపు నుంచి చెప్తా.

పిల్లాడు ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా, పిలిస్తే పలకకపోయినా, రక్తం ఆగకపోయినా దగ్గర్లో ఉన్న దవాఖానే, బోర్డు మీద ఏం రాసి ఉన్నా సరే. అక్కడ ఊపిరి నిలబెట్టి, రక్తం ఆపి, లైన్ పెట్టాక తర్వాతి సంగతి. అమ్మానాన్నలు అంబులెన్స్ ఎక్కగానే "నీలోఫర్‌కి పోనీ" అంటారు. నీలోఫర్ పిల్లలకు మంచి పేరున్న దవాఖానే, కానీ నల్గొండ నుంచి వంద కిలోమీటర్లు, ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్ ట్రాఫిక్ వేరే. తలకు గట్టి దెబ్బ అయితే సీటీ స్కాన్, న్యూరోసర్జన్ రాత్రిపూట ఉన్న చోటు కావాలి, అది పిల్లల దవాఖానా పెద్దల దవాఖానా అన్నది తర్వాత. ఎక్కడికి మార్చినా ముందు ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో కనుక్కుని కదలండి. ఒక దవాఖాన నుంచి ఇంకోదానికి, అక్కడ బెడ్ లేదని మూడోదానికి తిరిగిన కేసులే నాకు ఎక్కువ గుర్తు.

ఎత్తడం కూడా చెప్పాలి. పెద్దవాడు పడితే ఎవరూ ముట్టుకోరు, పిల్లాడు పడితే అందరూ భుజానేసుకుని ఉరుకుతారు. పిల్లల తల ఒంటికి తగ్గట్టు చూస్తే పెద్దది, మెడ బలహీనం. బల్ల మీదో తలుపు చెక్క మీదో మెడ వంగకుండా తిన్నగా పడుకోబెట్టి ఇద్దరు పట్టుకోండి. పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందని భయపడేవాళ్లకు, మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ ఉంది, సాయం చేసినవాళ్లను ఇబ్బంది పెట్టరాదు. యాక్సిడెంట్ కేసును పోలీసులు వచ్చాకే చూస్తాం అనడానికి లేదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, ముందు వైద్యం, తర్వాతే కాగితాలు.

పత్తి ఏరే కాలంలో కూలోళ్ల ఆటోల్లో పిల్లలను కూడా ఎక్కించుకుపోతారు, ఒక్క ఆటో బోల్తా పడితే ఆరేడుగురు పిల్లలు ఒకేసారి వస్తారు. ఆ రోజు నేను చూసిన క్యాజువాలిటీలో పిల్లల సైజు ఆక్సిజన్ మాస్క్ ఒక్కటే ఉంది. ఇక దాని గురించి రాయను.

సాగర్_రోడ్డు:

అందరూ సర్దుకుపోయేలా మాట్లాడుతున్నారు. మహబూబ్‌నగర్‌లో సర్కారు మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది, నల్గొండ, సూర్యాపేటలో 2019లో వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఇన్ని ఉన్నాక జిల్లాకో పిల్లల సర్జన్‌ను, పిల్లల ట్రామా వార్డును పెట్టమని అడగాలి గానీ, తల్లిదండ్రులు పల్స్ లెక్కలు నేర్చుకోవడమేంది?

పాలమూరు_సర్జన్:

అడగండి, నేనూ సంతకం పెడతాను. కాకపోతే పిల్లల సర్జన్ అంటే ఎంబీబీఎస్, మూడేళ్ల ఎంఎస్, ఆపైన మూడేళ్ల ఎంసీహెచ్. ఆ చదువు చదివినవాళ్లు తక్కువ, ఉన్నవాళ్లు హైదరాబాద్ దాటరు. ఒక్కరు వచ్చినా రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఒక్కరే డ్యూటీ చేయలేరు. అమెరికాలోనే దెబ్బ తగిలిన పిల్లల్లో చాలామంది మొదట చేరేది పెద్దవాళ్లను చూసే ఎమర్జెన్సీకే. అందుకే అక్కడ ఇప్పుడు పెద్దల సెంటర్లనే పిల్లలకు సిద్ధం చేయడం మీద పడ్డారు. పిల్లల విషయానికి బాధ్యుడిగా ఒక డాక్టర్, ఒక నర్సు, అన్ని సైజుల సామాను, కిలోల్లోనే బరువు రాయడం, ఎవరిని ఎప్పుడు ఎక్కడికి పంపాలో ముందే రాసుకున్న ఒప్పందం. అలా సిద్ధంగా ఉన్న చోట్ల పిల్లల మరణాలు తక్కువని లెక్కల్లో కనిపించింది. పదిహేనేళ్ల పిల్లాడికి పెద్దల సెంటర్‌కూ పిల్లల సెంటర్‌కూ పెద్ద తేడా ఉండదు, వయసు తగ్గేకొద్దీ తేడా పెరుగుతుంది. కొత్త కాలేజీల్లో ఇది పెట్టడానికి కోట్లు అక్కర్లేదు. సిస్టర్ గోడ మీద స్కెచ్ పెన్‌తో రాసుకున్నది ప్రింట్ చేసి ఫ్రేము కట్టిస్తే అందులో పావు వంతు పని అయినట్టే.

స్కానింగ్ గురించి ఒక్క మాట. పెద్దవాళ్ల యాక్సిడెంట్‌కి తల నుంచి తొడల దాకా సీటీ తీసేయడం అలవాటు. పిల్లలకు అదే చేస్తే అనవసరపు రేడియేషన్, ముందు బతకాల్సిన ఏళ్లు వాళ్లకు ఎక్కువ. తలకు చిన్న దెబ్బ తగిలి, హుషారుగా ఉండి, వాంతులు, మగత లేని పిల్లాడికి కొన్ని గంటలు కనిపెట్టి చూస్తే సరిపోతుంది, ఎవరికి సీటీ అక్కర్లేదో చెప్పే నియమాలు 2009 నుంచి ఉన్నాయి. "సీటీ తీయలేదేంటి డాక్టర్" అని మీరే పోట్లాడకండి. ఇంకోటి, పిల్లల పక్కటెముకలు మెత్తగా వంగుతాయి, ఎక్స్‌రేలో ఎముక విరగలేదు కాబట్టి లోపల ఊపిరితిత్తి బాగానే ఉంది అనుకోవడానికి లేదు. పెద్దవాళ్లకు పనికొచ్చే లెక్క అది.

దేవరకొండ_రైతుబిడ్డ:

అందరికీ చేతులెత్తి దండం. సర్జన్ సార్ రాసింది మా మామకు చదివి వినిపించాను. వాటర్ బాటిల్ లెక్క దగ్గర ఆగి, మళ్లీ చదవమన్నాడు. తర్వాత ఏం అనలేదు, బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు. ఆయన కోపం కూడా భయమేనని నాకిప్పుడు తెలుస్తుంది. జడ్చర్ల అక్కా, మీ పాప చల్లగా ఉండాలి.

సార్, చివరగా రెండు డౌట్లు. మా వాడు ఇప్పుడు మామూలుగానే ఉన్నాడు, స్కూల్‌కి పంపొచ్చా? సైకిల్ ఎప్పుడిస్తావని రోజూ తింటున్నాడు. ఇంకోటి, మానిందో లేదో చూడటానికి మళ్లీ సీటీ తీయించమని మా తమ్ముడు అంటున్నాడు.

పాలమూరు_సర్జన్:

స్కూల్‌కి పంపండి, పీటీ పీరియడ్ వద్దని టీచర్‌కి చెప్పండి. ఆటలకు మేము వాడే లెక్క గ్రేడ్‌కి రెండు కలిపి అన్ని వారాలు, అంటే మీ వాడికి అయిదు వారాలు. సైకిల్, చెట్లెక్కడం, కబడ్డీ, తమ్ముడితో కుస్తీ అన్నీ అందులోకే వస్తాయి. నొప్పి, జ్వరం, వాంతులు లేనప్పుడు మళ్లీ సీటీ అక్కర్లేదు. కడుపు నొప్పి కొత్తగా వచ్చినా, మొహం పాలిపోయినా మటుకు ఆ రోజే చూపించండి. హైదరాబాద్‌లో చూసిన డాక్టర్ వేరేగా చెప్పి ఉంటే ఆయన మాటే వినండి, ఆయన పిల్లాడిని చూశాడు, నేను చూడలేదు.

సైకిల్ ఇచ్చేముందు హ్యాండిల్ కొసలు చూడండి. రబ్బరు గ్రిప్పు చిరిగి లోపలి ఇనుప గొట్టం బయటికి ఉంటే అది కడుపులో దిగేది అలాగే. మీరు చెప్పిన రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ ఆ గొట్టం అచ్చే అయి ఉంటుంది.

దేవరకొండ_రైతుబిడ్డ:

ఇప్పుడే కొట్టంలోకి పోయి చూసొచ్చాను సార్. ఎడమ వైపు గ్రిప్పు అసలు లేదు, ఎప్పుడు ఊడిపోయిందో ఏమో, ఉత్త గొట్టమే. జత గ్రిప్పులు నలభై రూపాయలట. రేపు సంతకు పోయినప్పుడు తెస్తాను.